డిశ్చార్జి బుక్కుకు ఎక్కని పతకం

సేవా పత్రాల్లో నమోదు కాని పతకాన్ని తిరిగి చేర్పించుకోవడం ఈ ప్రసంగ విషయమని ఆహ్వానపత్రంలో అచ్చయింది కాబట్టి, పతకం ఎందుకు జారిపోతుంది, ఆధారాలెక్కడ దొరుకుతాయి, దరఖాస్తు ఏ దారిన నడుస్తుంది అన్న మూడు అంశాలు ఇక్కడ ప్రస్తావనకు వస్తాయి.

పతకాలు రెండు తెగలు. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర వంటి శౌర్య పురస్కారాలు భారత గెజిట్‌లో పేరుతో సహా ప్రకటితమవుతాయి. 1950 జనవరి 26న ఏర్పడిన ఈ మూడింటినీ 1947 ఆగస్టు 15 నుంచే వర్తింపజేయడం వల్ల కాశ్మీరు యుద్ధంలో పోరాడినవారికి కూడా అవి దక్కాయి. వీటికి గెజిటే రుజువు. చిక్కంతా రెండో తెగతోనే వస్తుంది. ఫలానా కాలంలో ఫలానా ప్రాంతంలో విధుల్లో ఉన్నందుకు దక్కే 1965 నాటి సమర సేవా స్టార్, రక్షా మెడల్, 1971 యుద్ధానికి తూర్పు రంగంలో ఇచ్చిన పూర్వీ స్టార్, పడమటి రంగంలో ఇచ్చిన పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ వంటివాటిలో సిపాయి పేరు గెజిట్‌కు ఎక్కదు. దానిని నిలబెట్టేది యూనిట్ ఆఫీసులో గుమస్తా తయారుచేసే పార్ట్ టూ ఆర్డరు.

సైనికుని సెలవు, బదిలీ, పదోన్నతి, వివాహం, సంతానం, పతకం వంటి ప్రతి మార్పునూ నమోదు చేస్తూ యూనిట్ వెలువరించే ఉత్తర్వుకే పార్ట్ టూ ఆర్డరని పేరు. అది రికార్డ్స్ ఆఫీసుకు చేరితే అక్కడి మూలపత్రమైన షీట్ రోల్‌లో ఎక్కుతుంది. ఉద్యోగ విరమణ నాడు చేతికిచ్చే డిశ్చార్జి బుక్కులోని వివరాలకు ఆ షీట్ రోలే ఆధారం. 1971 డిసెంబరు 3న మొదలైన యుద్ధం 13 రోజుల్లో ఢాకా లొంగుబాటుకు చేరింది గాని, పతకాల కాగితాలు ఆ తర్వాత చాలాకాలం నడిచాయి. ఈలోగా గాయపడి ఆసుపత్రిలో చేరి, అటునుంచి అటే వేరే యూనిట్‌కు బదిలీ అయిన సిపాయి విషయంలో, కొత్త యూనిట్ రాస్తుందని పాతది, పాతది రాసే ఉంటుందని కొత్తది ఊరుకోవడానికి ఎంతైనా ఆస్కారం ఉంది.

అయితే తెలుగు సైనికుల విషయంలో దీనికి మించిన కారణం మరొకటుంది. దీనిని ఇక్కడ కొంత విస్తరించక తప్పదు. తెలుగునాట ఇంటిపేరు ముందు, పెట్టినపేరు తర్వాత వస్తాయి. పెద్ద మనవలకు తాత పేరు పెట్టడం ఆనవాయితీ కావడంతో, అన్నదమ్ముల కొడుకులిద్దరికీ ఇంటిపేరూ పెట్టినపేరూ ఒకటే అయి, ఇంట్లో వారిని పెద్ద సుబ్బారావు, చిన్న సుబ్బారావు అని పిలుచుకోవడం పరిపాటి. ఆ పెద్ద, చిన్న అన్నవి భర్తీ ఫారానికి ఎక్కవు. రెండు ప్రపంచ యుద్ధాలకూ జవాన్లను పంపి మిలటరీ మాధవారంగా పేరుపడిన పశ్చిమ గోదావరి జిల్లా మాధవారం వంటి ఊళ్లో, ఒకే గడప నుంచి ఇద్దరు ఒకే పేరుతో సైన్యంలో చేరితే, తెలుగెరుగని గుమస్తాకు వారిని విడదీసి చూపేది ఆర్మీ నంబరు ఒక్కటే. ఆ నంబరులో ఒక్క అంకె తారుమారైతే, పెద్ద సుబ్బారావు పతకం చిన్న సుబ్బారావు షీట్ రోల్‌లో కూర్చుంటుంది. ఇంటిపేరును ఒక కాగితంలో పొడి అక్షరంగా కుదించి, మరొక కాగితంలో పూర్తిగా విప్పి రాస్తే, ఉన్న ఒక్క మనిషే ఇద్దరవుతాడు.

కనుకనే పతకంపై చెక్కిన అక్షరాలకు అంత విలువ. గుండ్రని మెడల్‌ను వెలుతురులో పట్టుకుని అంచును మెల్లగా తిప్పితే నంబరు, హోదా, పేరు, దళం వరుసగా కనిపిస్తాయి. పండగ పండక్కీ చింతపండుతోనో బ్రాసోతోనో తోమి ఆ అక్షరాలను అరగదీయడం మన ఇళ్లలో భక్తిగా చెలామణి అవుతోంది. ఈ సభామందిరపు ప్రదర్శన బల్లపై లామినేషన్ చేసిన డిశ్చార్జి బుక్కు పుటలు కూడా దర్శనమిస్తున్నాయి. ప్లాస్టిక్ బిగించిన పుటలో రికార్డ్స్ ఆఫీసు సవరణ రాసి ముద్ర వేయడం ఎలాగో లామినేషన్ చేయించినవారే చెప్పాలి. వెనుకటి హెడ్ క్లర్కు కాగితాన్ని కంటికి రెప్పలా కాపాడేవాడు; ఇప్పుడు ఫోనులో ఫొటో ఉంటే చాలుననుకునే ధీమా పెరిగింది.

ఆధారాల సంగతికి వస్తే, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1973 జూలై 12న చెలరేగిన అగ్నిప్రమాదంలో 1.6 నుంచి 1.8 కోట్ల సైనిక సేవా పత్రాలు బూడిదైనప్పుడు, అక్కడివారు జీతపు చీటీలు, యూనిట్ల దినచర్య నివేదికలు, ఆసుపత్రి కాగితాలు పోగుచేసి సేవా చరిత్రలను తిరిగి కూర్చారు. మన దేశంలో పింఛను లేకుండా వెళ్లినవారి పత్రాలను 25 ఏళ్ల తర్వాత ధ్వంసం చేయడం నియమమే కనుక, ఇక్కడ నిప్పుతో పని లేదు; ట్రంకుపెట్టె అడుగున ఉన్న బదిలీ ఉత్తర్వు, ఆసుపత్రి డిశ్చార్జి చీటీ వంటివి అటువంటప్పుడు అక్కరకు వస్తాయి.

సభాధ్యక్షులు గడియారం వైపు చూస్తున్నందున మూడో అంశాన్ని క్లుప్తంగా ముగించాల్సి ఉంది. రికార్డ్స్ ఆఫీసులు జిల్లాల వారీగా కాక దళాల వారీగా ఉంటాయి కాబట్టి, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్లు), ఆర్డినెన్సు దళాల వారు సికింద్రాబాదుకు, మద్రాసు రెజిమెంటు వారు వెల్లింగ్టన్‌కు, ఫిరంగి దళం వారు నాసిక్‌కు రాసుకోవాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపినా సరే. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద షీట్ రోల్ నకలు అడగవచ్చు. పతకం నమోదునే తిరస్కరిస్తే 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. దరఖాస్తులో ఆర్మీ నంబరు, డిశ్చార్జి బుక్కులో ఉన్నట్టే పేరు, ఆనాటి యూనిట్, తేదీలు రాసి నకళ్లు మాత్రమే జతపరచాలి. అసలు పతకాన్ని గాని, అసలు బుక్కును గాని, ఎంత పెద్ద అధికారి అడిగినా, రసీదు లేకుండా ఇవ్వకూడదు.