స్క్రూ కింద పరమాణువులు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంక్షేమ సంఘం సభలో చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడతారు గాని కరెంటు స్క్రూల గురించి మాట్లాడటమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నిరుడు చలికాలంలో మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పి విషయానికి వస్తాము. తెల్లవారుజామున అమ్మీ లేచి, "ఏదో కాలుతున్న వాసన వస్తోంది, చూడండిరా" అన్నది. గీజరు ప్లగ్గు పాయింటు నల్లబడి పగుళ్ళు బారి ఉన్నది. ఆ గోడకు ఆనించిన మంచం మీదే పిల్లలు నిద్రపోతున్నారు. మెయిన్ ఆపి బోర్డు విప్పి చూస్తే ఫ్యూజు చెక్కు చెదరలేదు. ఒక్క స్క్రూ మాత్రం వదులుగా ఉన్నది. వైరు దానికి తగిలే ఉన్నది గదా, మరి ఎందుకు కాలింది?

తగిలి ఉండటం అన్న మాటలోనే తిరకాసు ఉన్నది. ఎంత నున్నని లోహమైనా సూక్ష్మంగా చూస్తే గుట్టలు, గుంటలే. పల్లేరుకాయలు పరచిన చాప మీద అలాంటి చాపనే ఇంకొకటి బోర్లిస్తే ముళ్ళ కొనలు మాత్రమే కలుస్తాయి, ఇదీ అంతే. కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ అనే శాస్త్రజ్ఞులు 1939లో కరెంటు పంపి కొలిచి ఈ సంగతి చూపించారు. రెండు రాగి ముక్కలను కిలో బరువుతో నొక్కితే నిజంగా కలిసే చోటు చదరపు మిల్లీమీటరులో సుమారు నూరోవంతు. ముక్కలు పెద్దవైనా చిన్నవైనా అంతే. నొక్కుడు పెరిగితేనే ఆ చోటు పెరుగుతుంది. స్క్రూ బిగించడమంటే ఆ కొనలను నలిపి వెడల్పు చేయడమన్న మాట.

స్క్రూ వదులైతే కరెంటంతా ఆ కొద్ది కొనల గుండానే దూరాలి. 2000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. వదులు జాయింటులో ఓములో పదోవంతు నిరోధం చేరినా ఏడెనిమిది వాట్ల వేడి ఆ ఒక్క చోటే పుడుతుంది. వేడికి లోహం తుప్పు పడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. దీనివల్ల కరెంటు ఏమీ ఎక్కువ కాదు, పైగా రవ్వంత తగ్గుతుంది. అందుకే ఫ్యూజు గాని, ఇప్పటి ఎం.సి.బి. గాని పసిగట్టలేదు. ఫ్యూజు ఉన్నది గదా అని మేమూ ఇన్నాళ్ళు నిశ్చింతగా ఉన్నాము!

అల్యూమినియం సంగతి మరీ కష్టం. గీకిన మరుక్షణమే గాలి తగిలి దాని మీద ఆక్సైడు పొర కడుతుంది. మందం పదిపదిహేను పరమాణువుల వరుసలే, కాని గట్టి బంధకం. పైగా ఆ లోహం మెత్తన. స్క్రూ కింద నెలల తరబడి నెమ్మదిగా జరిగిపోతుంది, వేడికి రాగి కంటే ఎక్కువ సాగుతుంది. అమెరికాలో రాగి ధర పెరిగి 1965 తరువాత ఎన్నో ఇళ్ళకు అల్యూమినియం వైర్లు వేశారు. 1974లో న్యూయార్క్ రాష్ట్రంలోని హాంప్టన్ బేస్‌లో ఇల్లు కాలి ఇద్దరు చనిపోయారు. మన పాత ఇళ్ళలోనూ ఆ వైరు ఉన్నది. రాగికి దాన్ని ఉత్త మెలికతో కలిపి టేపు చుట్టేస్తారు, అది చాలదు. రెండు లోహాలకూ సరిపడే కనెక్టరు కావాలి.

పిల్లలకు ఒక వింత చెప్పాలి. 1998లో జపాను శాస్త్రజ్ఞులు బంగారపు మొనలను అంటించి మెల్లగా లాగారు. తెగిపోయే ముందు ఒకే వరుస పరమాణువులు మిగలడం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కనిపించింది. దాని నిరోధం సుమారు 12,900 ఓములు. ఎలక్ట్రాను తరంగానికి ఒక్క దారి ఉంటే ప్రకృతి వసూలు చేసే సుంకం అది. అంత సన్నని దారిలో ఎలక్ట్రాన్లు దాదాపు దేనికీ తగలకుండా దాటిపోతాయి, వేడి చాలావరకు అవతలి లోహంలో పుడుతుంది. ఒక్క పరమాణువు నిలబడింది, మా గీజరు పాయింటు నిలబడలేదు!

మన హాలు మెయిన్ బోర్డును మొన్న ఆదివారం సరఫరా ఆపించి, లైసెన్సు ఉన్న వైర్‌మన్ చేత చూపించాము. పాత న్యూట్రల్ స్క్రూ ముప్పావు చుట్టు తిరిగింది.