చూపేది బొమ్మ, చెప్పేది పేరు
(తెలుగు తరగతుల విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)



ఈ రోజు నేను చిన్న వ్యాపారాలను గురించి మాట్లాడదలచుకున్నాను. పెద్ద కంపెనీల సంగతి కాదు. ఇంట్లో కూర్చుని సంచులు అల్లేవారు, పచ్చళ్లు పెట్టేవారు, బట్టలు కుట్టేవారు, పూలమాలలు కట్టేవారు మన మారిషస్‌లో ఎంతోమంది ఉన్నారు. వారి చేతిలో మంచి పనితనం ఉన్నది. చూసినవారు మెచ్చుకుంటారు. కాని చూసేవారే తక్కువ. పత్రికలో ప్రకటన వేయించడానికి వారి దగ్గర డబ్బు ఉండదు. సంతలో ఒక మూల కూర్చుంటే, ఆ దారిన వెళ్లినవారికి మాత్రమే కనబడతారు. వారి సరకు దూరంలో ఉన్నవారికి కనబడేదెట్లా? దీనికి ఈనాడు ఒక మార్గం ఉన్నది. అది బొమ్మల ద్వారా వెతికే మార్గం.

మనకు ఏదైనా కావాలంటే దాని పేరు చెప్పి అడుగుతాం. పేరు తెలియకపోతే? ఎవరింట్లోనో ఒక అందమైన బుట్ట చూశారు. దాన్ని ఏమంటారో తెలియదు. అప్పుడు దాని ఫోటో తీసి, “ఇలాంటిది ఎక్కడ దొరుకుతుంది?” అని యంత్రాన్ని అడగవచ్చు. యంత్రం అటువంటి బుట్టల ఫోటోలను మీ ముందు ఉంచుతుంది.

ఇది ఎట్లా జరుగుతుంది? యంత్రానికి మనవలె కళ్లు లేవు. ఫోటో అంటే దానికి చిన్న చిన్న చుక్కల గుంపు. ప్రతి చుక్క రంగునూ అంకెలతో గుర్తుపెట్టుకుంటుంది. ఆ అంకెలనుండి అంచులను, ఆకారాలను, గీతలను, అల్లికలను పోల్చుకుంటుంది. చివరకు ఒక్కొక్క ఫోటోకు ఒక పొడవైన అంకెల వరుస తయారవుతుంది. రెండు ఫోటోల వరుసలు దగ్గరగా ఉంటే, “ఈ రెండూ ఒకే తీరుగా ఉన్నాయి” అని యంత్రం భావిస్తుంది. ఈ సంగతి బాగా గుర్తుంచుకోండి. యంత్రం పోలికను చూస్తుంది. దాని వెనుక ఉన్న మనిషిని చూడదు.

ఇటువంటి వెతుకులాటకు పేరుపొందినది పింటరెస్ట్. అమెరికాలో బెన్ సిల్బర్‌మన్, పాల్ షియారా, ఇవాన్ షార్ప్ అనే ముగ్గురు దీన్ని స్థాపించారు. ఇది 2010లో మొదలయింది. మీ బడిలో గోడకు ఒక బోర్డు ఉంటుంది కదా! దానిమీద కాగితాలను పిన్నుతో గుచ్చుతారు. పింటరెస్ట్‌లో కూడా అంతే. నచ్చిన బొమ్మను మన బోర్డుమీద గుచ్చుకుంటాం. ఆ బొమ్మనే ‘పిన్ను’ అంటారు. 2015లో ఒక బొమ్మలోని ఏదో ఒక భాగాన్ని ఎంచుకొని, దాన్ని పోలినవాటిని వెతికే వీలు కల్పించారు. 2017లో కెమెరాతో ఎదుటి వస్తువును చూపి వెతికే ‘లెన్స్’ వచ్చింది. 2024 నాటికి నెలకు 50 కోట్లకు పైగా ప్రజలు దీన్ని వాడుతున్నారు.

ఇది చిన్న వ్యాపారానికి ఎందుకు ఉపయోగం? మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది, వ్యాపార ఖాతా తెరవడానికి డబ్బు కట్టనక్కరలేదు. రెండవది, ఇక్కడికి వచ్చేవారు చాలామంది ఏదో ఒక పని తలపెట్టి వస్తారు. పెళ్లి చేయాలి, ఇల్లు అలంకరించాలి, పండుగకు కానుక ఇవ్వాలి అని ఆలోచిస్తూ వెతుకుతారు. మూడవది, తక్కినచోట్ల ఈ రోజు పెట్టిన ఫోటో రేపటికి కిందికి వెళ్లిపోతుంది. ఇక్కడి పిన్ను నెలల తరువాత కూడా వెతికినవారికి దొరుకుతుంది. బొమ్మమీద వేలు పెడితే అమ్మేవారి పేజీకి తీసుకువెళ్లే లింకును కూడా దానికి జోడించవచ్చు.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. మన దేశంలో వాక్వా చెట్లు ఉన్నాయి. ఇవి మొగలి జాతి చెట్లు. వాటి ఆకుల అంచున ముళ్లు ఉంటాయి. ఆ ముళ్లు తీసి, ఆకులను ఎండబెట్టి, సన్నగా చీల్చి సంచులు అల్లుతారు. ఒకప్పుడు మన చక్కెర కూడా వాక్వా సంచులలోనే ఓడలెక్కింది. బజారుకు తీసుకువెళ్లే ఆ సంచిని మనం ‘తాంత్’ అంటాం. 2016 జనవరి 1 నుండి ప్లాస్టిక్ సంచులను నిషేధించినప్పుడు చాలామందికి ఈ తాంత్ మళ్లీ గుర్తుకు వచ్చింది. ఒక ఊరిలో ఒక నానమ్మ తాంత్‌లు అల్లుతున్నది అనుకుందాం. ఆమెకు ఫోన్ వాడటం అంతగా రాదు. మనవరాలు సాయం చేస్తున్నది. ఆ పిల్ల ఏయే పనులు చేయాలి?

మొదట ఫోటో. కిటికీ దగ్గర, పగటి వెలుతురులో తీయాలి. వెనుక తెల్లని గోడో, ఒకే రంగు గుడ్డో ఉండాలి. సంచి వెనుక కుర్చీలు, చెప్పులు, గిన్నెలు కనబడితే యంత్రం తికమక పడుతుంది, చూసేవారూ తికమక పడతారు. ఒక ఫోటో సంచి మొత్తానిది. ఒకటి అల్లికను దగ్గరగా చూపేది. ఇంకొకటి మనిషి భుజానికి తగిలించుకున్నది. అప్పుడే అది ఎంత పెద్దదో తెలుస్తుంది. పింటరెస్ట్‌కు నిలువు ఫోటోలు బాగుంటాయి. వెడల్పు 2 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు ఉండాలి.

తరువాత మాటలు. “అందమైన సంచి, అందరికీ నచ్చుతుంది” అని రాస్తే ఏమి తెలిసింది? ఏమీ తెలియలేదు. ఇట్లా రాయాలి: “తాంత్. మారిషస్‌లో వాక్వా ఆకులతో చేతితో అల్లిన బజారు సంచి. ఎత్తు 30 సెంటీమీటర్లు. తడి తగలకుండా ఉంచాలి.” ఇందులో పేరు ఉన్నది, చోటు ఉన్నది, దేనితో చేశారో ఉన్నది, కొలత ఉన్నది, జాగ్రత్త ఉన్నది. కొనేవారు ఏ మాటలతో వెతుకుతారో ఆ మాటలు ఉండాలి. మన దేశానికి ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు వస్తుంటారు. కనుక ఆ రెండు భాషలలో కూడా రాయాలి. కాని ‘తాంత్’ అనే పేరును మాత్రం తీసివేయరాదు.

ఆపైన బోర్డు. సంచులన్నీ ఒక బోర్డుమీద, టోపీలన్నీ మరొక బోర్డుమీద పెట్టాలి. ప్రతి బోర్డుకూ లోపల ఏమున్నదో తెలిపే పేరు పెట్టాలి. లింకు సరిగా పనిచేస్తున్నదా అని ఒకసారి నొక్కి చూడాలి. తలుపు మూసి ఉన్న దుకాణానికి దారి చూపి ఏమి లాభం?

కాలాన్ని కూడా గమనించాలి. దీపావళికి కావలసినవాటిని దీపావళినాడు ఎవరూ వెతకరు. నెల, రెండు నెలల ముందే వెతుకుతారు. ఉగాదికైనా, క్రిస్మస్‌కైనా అంతే. విత్తనం వానకు ముందే చేతిలో ఉండాలి.

వ్యాపార ఖాతాలో లెక్కలు కూడా కనబడతాయి. ఎంతమంది చూశారు, ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది లింకు నొక్కి వచ్చారు అని అది చెబుతుంది. చాలామంది దాచుకున్నారు, ఒక్కరూ లింకు నొక్కలేదు అనుకోండి. ఫోటో నచ్చింది కాని కొనే దారి వారికి తెలియలేదేమో! మాటలను మార్చి చూడాలి. ఒక్క వారంలో ఫలితం రాకపోతే నిరాశ పడరాదు. నెలల తరబడి ఓపికగా చేయవలసిన పని ఇది.

బాలబాలికలారా! ఇక అసలు సంగతికి వస్తాను. యంత్రం పోలికను మాత్రమే చూస్తుందని ముందే చెప్పాను. దానివల్ల చిన్నవారికి మేలు ఉన్నట్లే కీడు కూడా ఉన్నది. నానమ్మ తాంత్ పక్కనే, మరమీద తయారైన ప్లాస్టిక్ సంచిని కూడా యంత్రం చూపవచ్చు. ఫోటోలో రెండూ ఒకే తీరుగా ఉంటాయి. ధర మాత్రం వేరు.

మన పూర్వులు బయలుదేరి వచ్చిన ఆంధ్రదేశంలో కలంకారీ పనివారిదీ ఇదే కష్టం. శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టమీద వెదురు కలంతో బొమ్మలు గీస్తారు. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెడతారు. ఇనుము, బెల్లం ఊరబెట్టి నల్లరంగు చేస్తారు. ఒక చీర పూర్తికావడానికి ఎన్నో రోజులు పడుతుంది. మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. అదీ చేతిపనే. కాని అవే బొమ్మలను మరమీద క్షణాలలో అచ్చువేసి ‘కలంకారీ’ అని అమ్మేవారు కూడా ఉన్నారు. ఈ మూడింటి ఫోటోలను యంత్రం ఒకే వరుసలో నిలబెడుతుంది. ఏది కలంతో గీసినది, ఏది అచ్చు అద్దినది, ఏది మరది అని యంత్రానికి ఎవరు చెప్పాలి? చేసినవారే చెప్పాలి. వారికి రాయడం రాకపోతే, చదువుకున్న వారి పిల్లలు చెప్పాలి.

అందుకే పేరు ముఖ్యం. కలంతో చేసే పని కనుక అది కలంకారీ అయింది. ఆ పేరులోనే పని చేసే తీరు ఉన్నది. “పువ్వుల గుడ్డ” అని రాస్తే ఆ పనితనం, ఆ ఊరు, ఆ మనిషి మాయమైపోతారు. మీరు తెలుగు తరగతిలో నేర్చుకునే మాటలు పరీక్షకోసం మాత్రమే కాదు. ఒక వస్తువును దాని పేరుతో పిలవడం తెలిసినవారే దాని విలువను ఇతరులకు చెప్పగలరు.

చివరగా మూడు జాగ్రత్తలు చెబుతాను. ఇతరులు తీసిన ఫోటోను మనదని పెట్టరాదు. అది దొంగతనమే. ఫోటోలో ఒక రంగు చూపి, మరొక రంగు సరకు పంపరాదు. ఒకసారి మోసపోయినవారు రెండవసారి రారు. 13 ఏళ్లు నిండనివారు సొంతంగా ఖాతా తెరవరాదు. అమ్మానాన్నల ఖాతాలో, వారు పక్కన ఉండగా సాయం చేయండి. మీ ముఖాలు, బడి దుస్తులు, ఇంటి చిరునామా ఫోటోలలో పడకుండా చూసుకోండి.

ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా చేతితో చేసిన వస్తువును ఒకదాన్ని తీసుకోండి. దాని పేరు, చేసినవారి ఊరు, చేసే తీరు పెద్దలను అడిగి నాలుగు వాక్యాలు రాయండి. ఆ నాలుగు వాక్యాలు ముందు సిద్ధమైతే, ఫోటో తరువాతనైనా తీయవచ్చు.

ప్రశ్నలు

1. యంత్రం రెండు ఫోటోలను ఎట్లా పోల్చుతుంది?
2. పిన్ను చిన్న వ్యాపారానికి ఉపయోగపడటానికి మూడు కారణాలు చెప్పండి.
3. “అందమైన సంచి” అని మాత్రమే రాస్తే ఎందుకు చాలదు?
4. శ్రీకాళహస్తి పనికి, పెడన పనికి భేదమేమి?
5. మీ ఇంట్లోని ఒక చేతిపని వస్తువును గురించి నాలుగు వాక్యాలు రాయండి.