ఉప్పునీటి అక్వేరియంలో రాళ్ళు నిలబెట్టడం – నా అనుభవం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17 నాటి నకారా కేసు తీర్పు గురించి, దాని వల్ల మనకు ఒనగూరిన మేలు గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. డి.ఎ. బకాయిల సంగతి చెప్పవలసిన వారు చెబుతారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం ‘‘రిటైరయ్యాక మీరు చేస్తున్న కాలక్షేపం గురించి పదిహేను నిమిషాలు చెప్పండి’’ అన్నారు. నా కాలక్షేపం చేపల తొట్టె. చేపలనగానే పులుసు గుర్తుకొచ్చే మిత్రులు నన్ను మన్నించాలి.

నేను 2008లో రిటైరయ్యాను. విశాఖపట్నంలో మా అబ్బాయి దగ్గర, రెండో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాం. మా మనవడు తొమ్మిదో తరగతిలో ఉండగా ఉప్పునీటి అక్వేరియం కావాలని పట్టుబట్టాడు. మంచినీటి చేపలు అందరికీ తెలుసు. ఇది వేరు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టె. సుమారు 250 లీటర్ల నీళ్ళు. లీటరుకు 35 గ్రాముల చొప్పున ప్రత్యేకమైన ఉప్పు కలపాలి, అంటే తొమ్మిది కిలోలకు కాస్త తక్కువ. సాంద్రత 1.025 ఉండాలి. సముద్రం ఇంటి పక్కనే పెట్టుకుని ఉప్పు కొనడమేమిటని మా ఆవిడ నవ్వింది. హార్బరున్న ఊళ్ళో ఒడ్డు నీళ్ళలో ఏముంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ తొట్టెలో రాళ్ళు అలంకారం కోసం కావు. చేపల విసర్జనతో నీళ్ళలో అమ్మోనియా పుడుతుంది. అది విషం. దాన్ని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు రాతి రంధ్రాల్లో కాపురముంటాయి. రాళ్ళే ఆ తొట్టెకు మురుగు శాఖ అన్నమాట. ఇండోనేసియాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు రాళ్ళతోనే తొట్టెను నడపవచ్చని 1961లో రాశారట. మన దేశంలో పగడపు రాయి సముద్రంలోంచి తేవడం నేరం. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పోనీ కొండరాయి తెద్దామా అంటే మన విశాఖ కొండల ఖోండలైటు రాయి పొడిపొడిగా రాలుతుంది, పైగా ఇనుము పాలు ఉంటుంది. అందుకని రంధ్రాలతో తయారుచేసిన ఎండు రాయి పాతిక కిలోలు తెప్పించాం.

ఇక్కడ నా పొరపాటు చెప్పాలి. దాని కోసమే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

మనవడు ‘‘తాతయ్యా, ముందు రాళ్ళు అడుగున పెట్టేసి, తర్వాత చుట్టూ ఇసుక పోద్దాం’’ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ‘‘ఒరే నాన్నా, రాయి అద్దానికి తగిలితే పగులుతుంది. ముందు ఇసుక పోస్తే మెత్తగా ఉంటుంది. మన ఊళ్ళో ఇంటి పునాదుల్లో ఇసుక పొయ్యలేదా?’’ అన్నాను. పునాదిలో ఇసుకకు నాలుగు వైపులా గోడ ఉంటుందని, అది పక్కకు జారే దారి లేదని ఆ క్షణంలో నాకు తట్టలేదు. మూడంగుళాల ఇసుక మీద రాళ్ళు ఒకదాని మీద ఒకటి గోపురంలా పేర్చాను. అతికించలేదు. ‘‘కదలదు కదా తాతయ్యా?’’ అని అడిగాడు. ‘‘కదలదు’’ అన్నాను. చేత్తో కదిపి చూడలేదు. సర్వీసంతా ‘సరిచూడబడినది’ అని రాసి సంతకాలు పెట్టిన చెయ్యి ఇది.

నెలా పదిహేను రోజులకు, నీళ్ళు కుదురుకున్నాక, గోబీ అనే చిన్న చేపను, దానికి జతగా పిస్టల్ రొయ్యను తెచ్చాం. ఈ రెంటి స్నేహం చూసి తీరాలి. రొయ్యకు చూపు బహు మందం. అది రాత్రింబవళ్ళు ఇసుక తవ్వి బొరియ చేస్తుంది. చేప వాకిట్లో కాపలా ఉంటుంది. రొయ్య బయటికి వచ్చినప్పుడల్లా తన మీసం చేప తోకకు ఆనించి ఉంచుతుంది. ప్రమాదం వస్తే చేప తోక ఆడిస్తుంది, రెండూ లోపలికి దూరతాయి. మనవడు బళ్ళోంచి రాగానే సంచీ కూడా దించకుండా వాటి ముందు కూర్చునేవాడు. ఆ రొయ్య గోళ్ళతో ‘టప్’మని చప్పుడు చేస్తుంది. మొదటి రాత్రి మా ఆవిడ అద్దం పగిలిందని లేచి కూర్చుంది. తర్వాత అలవాటైపోయింది.

ఆ అలవాటే కొంప ముంచింది. ఒక రాత్రి రెండు గంటలప్పుడు ‘ధబ్’మని వినిపించింది. రొయ్యలే అనుకుని పక్కకు తిరిగి పడుకున్నాను. తెల్లారి చూస్తే గోపురం కూలి ఉంది. రొయ్య నా రాళ్ళ కిందే బొరియ తవ్వుకుంది. పై రాయి ముందు అద్దానికి ఆనుకుని ఆగింది. చిన్న గీత పడింది గాని పగల్లేదు. పగిలి ఉంటే రెండు వందల లీటర్ల ఉప్పునీళ్ళు కింది ఫ్లాటు వారి నెత్తిన పడేవి. గోబీ రాయి కింద చచ్చిపోయింది. రొయ్య బతికింది.

ముందురోజు సాయంత్రం మనవడు అయస్కాంతపు బ్రష్షుతో అద్దం తుడిచాడు. అది రాయికి తగిలి ఉంటుందని, తనవల్లే చేప చచ్చిందని వాడు అనుకున్నాడు. అన్నం సరిగా తినలేదు. వాళ్ళ నాన్న ‘‘జాగ్రత్త లేకపోతే ఎలారా’’ అని కోప్పడ్డాడు. నేను అక్కడే ఉన్నాను. మాట్లాడలేదు. డెబ్బై ఏళ్ళు దాటినవాణ్ణి, పిల్లవాడు చెప్పింది కాదని నేను చేసిన పని ఇది అని ఒప్పుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పాను. వాడు కాసేపు నాకేసి చూసి, ‘‘సరేగాని, ఈసారి నేను చెప్పినట్టు పేరుద్దాం’’ అన్నాడు. నేను వాడికి సహాయకుడిగా చేరాను.

ఇప్పుడు అసలు పద్ధతి చెబుతాను. మీ ఇళ్ళలో పిల్లలు ఈ సరదా పెట్టుకుంటే పనికొస్తుంది.

తొట్టె అడుగున ట్యూబులైట్ల కింద అమర్చే గళ్ళ ప్లాస్టిక్ జాలీ ముక్క పరిచాం. రాయి మొన ఒకేచోట అద్దం మీద ఆనకుండా బరువు పంచుకుంటుంది. దాని మీద అడుగు రాళ్ళు, ఆ తర్వాతే ఇసుక. రొయ్య ఎంత తవ్వినా రాయి కూర్చున్న చోటు మారదు. ప్రతి రాయీ మూడు చోట్ల ఆనాలి. మన పొయ్యికి మూడు రాళ్ళెందుకో అందుకే. నాలుగు కాళ్ళ పీట గచ్చు ఎగుడుదిగుడైతే ఊగుతుంది, మూడు రాళ్ళ పొయ్యి ఊగదు.

కట్టడమంతా తొట్టె బయట, అట్టపెట్టె మీద తొట్టె కొలత గీసుకుని కట్టాం. అతకడానికి రెండు వస్తువులు. ఒకటి ఫెవిక్విక్ జాతి జిగురు, జెల్ రూపంలో. రెండోది మనం కుళాయి కారితే పెట్టే ఎం-సీల్ వంటి, రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీ. అయితే అక్వేరియంకు పనికొస్తుందని దాని మీద రాసి ఉండాలి. పుట్టీ ఒక్కటే రాతికి బాగా పట్టదు. జెల్, దాని మీద పుట్టీ, మళ్ళీ జెల్, ఆపైన రాయి. బరువు మోసే పై రాళ్ళకు జిగురును నమ్ముకోలేదు. డ్రిల్లుతో బెజ్జం వేసి ఫైబర్ కడ్డీ దింపాం. ఇనుప మేకు, రాగి తీగ పొరపాటున కూడా వద్దు. ఇనుము ఉప్పునీటిలో తుప్పు పడుతుంది, రాగి రొయ్యలను, నత్తలను చంపుతుంది. కొందరు సిమెంటుతో అతుకుతారు. మంచిదే గాని పచ్చి సిమెంటు నీళ్ళలో సున్నం వదిలి క్షారగుణం పెంచుతుంది. మంచినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ వారాల తరబడి ఓపిక పట్టాలి. మా మనవడికి అంత ఓపిక లేదు, నాకు అంత వ్యవధి లేదు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. నీళ్ళలో రాయి తేలికవుతుంది. గట్టి సున్నపురాయి పది కిలోలుంటే ఉప్పునీటిలో సుమారు ఆరు కిలోలే తూగుతుంది. నీళ్ళు మార్చేటప్పుడు మట్టం దిగితే పై రాయి బయటపడి అసలు బరువుకు వస్తుంది. పైపెచ్చు రంధ్రాలనిండా నీళ్ళు. అతుకులు ఊడేది అప్పుడే. అందుకని తొట్టె నింపకముందే ప్రతి రాయినీ వేలితో నెట్టి చూడాలి. మనవడు నెట్టాడు, నేను నెట్టాను, మా ఆవిడ చేత కూడా నెట్టించాం. రెండు రాళ్ళు కదిలాయి. మళ్ళీ విప్పి అతికించాం.

అద్దానికీ రాళ్ళకూ మధ్య చెయ్యి పట్టేంత చోటు వదలండి. బ్రష్షు తిరుగుతుంది, నీళ్ళూ తిరుగుతాయి. రాళ్ళు గోడలా పేరిస్తే వెనక మడ్డి పేరుకుంటుంది.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. మనవడు ఇప్పుడు ఇంటర్ చదువు, కోచింగు హడావుడిలో ఉన్నాడు. నీళ్ళు మార్చడం, ఉప్పు తూచడం, రిజిస్టరు రాయడం నా వంతు. ఆ పాత రొయ్యకు జతగా ఇంకో గోబీని తెచ్చాం. మొదట్లో దాన్ని దగ్గరకు రానివ్వలేదు. తొమ్మిదో రోజున మీసం ఆనించింది. మొన్న ఆదివారం చూస్తే అడుగు రాయి పక్కన అద్దం కనబడేదాకా ఇసుక తవ్వేసింది. రాయిని వేలితో నెట్టి చూశాను. కదల్లేదు. రిజిస్టరులో తేదీ వేసి రాసుకున్నాను.

చూడదలచిన వారు సాయంత్రం అయిదు తర్వాత మా ఇంటికి రావచ్చు.