నాలుగు మిల్లీగ్రాములు



ఈ పూట పట్టాలు అందుకుంటున్న వ్యవసాయ విద్యార్థులారా, మీ పాఠ్యపుస్తకంలో బ్రాసినోలైడ్ అనే మొక్కల హార్మోనుకు ఒక పేరా దక్కి ఉంటుంది. మన ఒంట్లో కొలెస్టరాల్ నుంచి స్టెరాయిడ్ హార్మోన్లు తయారైనట్టే, మొక్క కాంపెస్టరాల్ అనే స్టెరాల్ నుంచి దీన్ని తయారుచేసుకుంటుంది. పరీక్షకు అంతే చాలు. కథ మాత్రం అంతటితో అయిపోలేదు.

1970లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఆవ జాతికి చెందిన రేప్ మొక్క పుప్పొడి సారాన్ని చిక్కుడు మొలకలకు పూస్తే, అవి విపరీతంగా సాగాయి. ఆ సంగతి ప్రకటించిన పత్రం రాసినవాళ్లలో మొదటి పేరు మిచెల్, రెండోది మండవ. మన చెవికి కొత్త ఇంటిపేరేం కాదు! సారంలో పనిచేస్తున్నదేదో తేల్చడానికి తేనెటీగలు పోగుచేసిన పుప్పొడి 227 కిలోలు పట్టింది. 1979 నాటికి చేతికి దక్కిన బ్రాసినోలైడ్ స్ఫటికాలు 4 మిల్లీగ్రాములు. ఒక్క బియ్యపు గింజే అంతకు కొన్ని రెట్లు బరువు తూగుతుంది.

అయినా చాలామంది పెదవి విరిచారు. ఆక్సిన్, జిబ్బరెల్లిన్ ఉండగా ఇంకో హార్మోను ఎందుకన్నారు. ఆ అనుమానం సబబేనంటాను. బయటినుంచి ఇస్తే మొక్క పెరిగినంత మాత్రాన అది మొక్కకు అవసరమని రుజువైనట్టు కాదు. రుజువు 1996లో దొరికింది. ఒక జన్యువు చెడి ఈ స్టెరాయిడ్ తయారుకాని అరబిడాప్సిస్ మొక్కలు మరుగుజ్జులయ్యాయి. చీకట్లో పెంచినా వెలుతురులో ఉన్నట్టే పొట్టిగా ఉండిపోయాయి. బ్రాసినోలైడ్ అందిస్తే సాగాయి. మరుసటి ఏడాది దాన్ని గుర్తుపట్టే గ్రాహకం జన్యువూ బయటపడింది. ఆ గ్రాహకం ఉండేది కణం పైపొర మీద. మన స్టెరాయిడ్ గ్రాహకాలు ఎక్కువగా కణం లోపల ఉంటాయి.

ఇక మీ సంగతి. ఈ జాతి రసాయనమే హోమోబ్రాసినోలైడ్ పేరుతో మన పురుగుమందుల దుకాణాల్లో దొరుకుతోంది. రేపు ఏ ద్రాక్ష రైతో సీసా చూపించి, "కొట్టమంటారా సార్?" అని అడుగుతాడు. అప్పుడు ఆ అనుమానించినవాళ్లలాగే ఆలోచించండి. పంటకు ఏం తక్కువైందో ముందు చూడండి. కొట్టక తప్పదనుకుంటే రెండు సాళ్లు కొట్టకుండా వదిలేయించి, కోత నాడు పక్కసాళ్లతో పోల్చి చూపించండి. తేడా లేకపోతే, డబ్బు దండగని అతని మొహం మీదే చెప్పండి.