తేనె పంచి, సంగతి దాచినవాడు



ఆదివారం ఆరాధన ముగిసిన వెంటనే మన సంఘాల్లో ఎవరూ ఇంటికి వెళ్లరు. వరండాలోనో, చెట్టు నీడనో నలుగురు చేరతారు. వానల గురించి, పెళ్లి సంబంధాల గురించి మాటలు అయ్యాక ఎవరో ఒకరు, "మీకు ఈ సంగతి తెలుసా?" అని మొదలుపెడతారు. ఆ తరువాత వచ్చేది చాలామట్టుకు ఎవరికీ పనికివచ్చే సంగతి కాదు. దానివల్ల బియ్యం ధర తగ్గదు, అప్పు తీరదు. అయినా అందరూ చెవి అటు పెడతారు. చప్పగా ఉన్నా వదలబుద్ధి కాని అలాంటి సంగతుల గురించే ఈ పూట మీతో మాట్లాడాలని కోరుతున్నాను.

మచ్చుకు కొన్ని వినండి. ఆదికాండము 5వ అధ్యాయం వచ్చిందంటే చాలామంది గబగబా దాటేస్తారు. అన్నీ పేర్లు, వయస్సులే కదా! ఈసారి కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. మెతూషెలకు 187 ఏండ్లప్పుడు లెమెకు పుట్టాడు. లెమెకుకు 182 ఏండ్లప్పుడు నోవహు పుట్టాడు. నోవహుకు 600 ఏండ్లప్పుడు జలప్రళయం వచ్చింది. మూడూ కూడండి. 969 వస్తుంది. మెతూషెల బ్రతికిన సంవత్సరాలు సరిగ్గా అన్నే! ఆ లెక్క ప్రకారం, అందరికంటె ఎక్కువ కాలం బ్రతికిన ఆ వృద్ధుడు కన్నుమూసింది జలప్రళయం వచ్చిన ఏడే.

మన దేశం పేరు బైబిలులో ఎన్నిసార్లు ఉంది? రెండేసార్లు. ఎస్తేరు గ్రంథం 1వ అధ్యాయం 1వ వచనంలో ఒకసారి, 8వ అధ్యాయం 9వ వచనంలో మరొకసారి. ఆ రెండవ వచనమే హెబ్రీ బైబిలులో అన్నిటికంటె పొడవైన వచనం.

ఇంకొకటి. క్రొత్త నిబంధనకు ఇప్పుడు మనం వాడే వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేశాడు. పారిస్ నుండి లియోన్‌కు ప్రయాణం చేస్తూ ఆ పని చేశాడని ఆయన కుమారుడు రాశాడు. అందుకే ఎక్కడైనా ఒక వాక్యం మధ్యలో తెగి వచనం మారితే, అక్కడ గుర్రం తొట్రిల్లిందని వేదాంత విద్యార్థులు నవ్వుకుంటారు.

"అయ్యగారూ, ఇవన్నీ తెలిస్తే రక్షణ వస్తుందా?" అని మీరు అడగవచ్చు. రాదు. వంశావళుల గురించిన కలహాలు నిష్‌ప్రయోజనమని పౌలు తీతుకు రాశాడు. ఏథెన్సువారు ఏదో ఒక క్రొత్త సంగతి చెప్పుకోవడంలో, వినడంలోనే కాలమంతా గడిపేవారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో లూకా ఒక చిన్న చురక కూడా వేశాడు. కాని అదే అధ్యాయంలో పౌలు ఏం చేశాడో చూడండి. ఆ పట్టణంలో తిరుగుతూ, పేరు తెలియని దేవునికి కట్టిన ఒక బలిపీఠాన్ని గమనించాడు. ఊరివారు రోజూ చూసి దాటిపోయే రాయి అది. అరేయొపగులో తన ప్రసంగాన్ని దానితోనే ఆరంభించాడు. కాబట్టి తప్పు చిన్న సంగతిలో లేదు. దానితో మనం ఏం చేస్తామన్నదే ప్రశ్న.

న్యాయాధిపతులు 14వ అధ్యాయంలో సమ్సోనును చూడండి. తాను చంపిన సింహపు కళేబరంలో తేనెపట్టు కనబడింది. ఎంత వింత సంగతి! తేనె తీసుకువెళ్లి తలిదండ్రులకు పెట్టాడు గాని, అది ఎక్కడిదో చెప్పలేదు. తేనె పంచాడు, సంగతి దాచాడు. ఎందుకు దాచాడో గ్రంథం చెప్పదు గాని, తరువాత దానిని దేనికి వాడాడో చెబుతుంది. తన పెండ్లి విందులో 30 మంది ముందు దానినే విప్పుడు కథగా వేసి పందెం కాశాడు. 30 నారబట్టలు, 30 దుస్తులు పందెం. జవాబు తెలియనివారు పెండ్లికూతురిని బెదిరించారు. ఆమె ఏడ్చి అతని చేత చెప్పించుకొని, వారికి చెప్పింది. పందెం బట్టల కోసం అష్కెలోనులో 30 మంది ప్రాణాలు పోయాయి. చివరికి ఆ భార్యను కూడా వేరొకనికి ఇచ్చివేశారు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆశ్చర్యపడవలసిన ఒక వింత, ఒక కాపురాన్ని కూల్చింది.

మన దగ్గర పందెం బట్టలు ఉండవు గాని, పందెం బుద్ధి ఉంటుంది. బైబిల్ క్విజ్‌లు మంచివే, వాటివల్ల పిల్లలు వాక్యం చదువుతారు. అయితే క్రొత్తగా సంఘానికి వస్తున్న ఒక యౌవనస్థుడిని పదిమందిలో నిలబెట్టి, "అతి చిన్న అధ్యాయం ఏది? అది కూడా తెలియదా?" అంటే ఏమవుతుంది? 117వ కీర్తనలో రెండే వచనాలున్నాయని అతడు నేర్చుకుంటాడు. ఇక్కడ తనకు చోటు లేదని కూడా నేర్చుకుంటాడు. వచ్చే ఆదివారం అతడు కనబడడు. అదే సంగతిని పక్కన కూర్చుని చెప్పి చూడండి. "తమ్ముడూ, 117వ కీర్తనలో రెండే వచనాలు. రెండు కీర్తనలు దాటితే 119లో 176! ఎందుకో తెలుసా? హెబ్రీ అక్షరాలు 22, ఒక్కొక్క అక్షరానికి ఎనిమిదేసి వచనాలు." అతడు ఇంటికి వెళ్లి గ్రంథం తెరిచి లెక్కపెడతాడు. మళ్లీ వస్తాడు, ఈసారి తాను కనిపెట్టినది మీకు చెప్పడానికి.

యోహాను సువార్త 21వ అధ్యాయంలో అలా పంచుకున్న సంగతి ఒకటి ఉంది. శిష్యులు రాత్రంతా వల వేసినా ఏమీ పడలేదు. తెల్లవారాక ప్రభువు మాట చొప్పున వల వేస్తే 153 గొప్ప చేపలు పడ్డాయి. ఎవరు లెక్కపెట్టారో రాయలేదు. ఎవరో ఒడ్డున కూర్చుని లెక్కపెట్టారు. స్నేహితులు ఆ లెక్కను జ్ఞాపకముంచుకొని చెప్పుకున్నారు గనుకనే అది మన వరకు వచ్చింది.

అక్కడే మరొక చిన్న సంగతి. ఒడ్డున మండుతున్న బొగ్గుల నిప్పుకు గ్రీకులో వాడిన మాట క్రొత్త నిబంధన మొత్తంలో రెండుచోట్లే కనబడుతుంది. ఇక్కడ ఒకటి. రెండవది 18వ అధ్యాయంలో, ప్రధానయాజకుని యింటి ముంగిట. అక్కడ ఆ నిప్పు దగ్గర చలి కాచుకుంటూనే పేతురు తన ప్రభువును ఎరుగనన్నాడు. నిఘంటువులో ఎక్కడో మూలనుండే చప్పని సంగతి ఇది. కాని తెలిసిన తరువాత ఆ ఉదయం పేతురుకు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. మళ్లీ అదే నిప్పు! ప్రభువు పేతురును మూడుసార్లు ప్రశ్నించాడు. నీకేమి తెలుసని అడగలేదు, తనను ప్రేమిస్తున్నావా అని అడిగాడు. అది కూడా ముందుగా రొట్టె, చేప పెట్టి, తిన్న తరువాత.

ప్రియ శ్రోతలారా, ఈ వారం ఒక చిన్న సంగతిని ఒక మనిషి దగ్గరకు తీసుకువెళ్లండి. వారు చెప్పేది కూడా వినండి. ఇంట్లో నాన్నగారు, పాత ప్యాసింజరు బండి ఏ స్టేషనులో ఎంతసేపు ఆగేదో పదోసారి చెబుతుంటే, "ఇది చెప్పారుగా" అని లేచిపోకండి. కాసేపు తన దగ్గర కూర్చోమని ఆయన అడుగుతున్న తీరు అది. ఆ స్టేషను తరువాత ఏ స్టేషను వచ్చేదో అడగండి.

ప్రభువా, మాకు తెలిసిన కొంచెమును ఇతరులను చిన్నబుచ్చడానికి వాడకుండా మమ్మును కాపాడుము. తేనెతోపాటు సంగతిని కూడా పంచే మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.