రహస్యమునకు కాపరి ఎవరు?



సైనికుని గాయమును లోకము గౌరవించును. తుపాకి గుండు తగిలి కుంటుచు వచ్చినవానికి వీథిలోనివారు ప్రక్కకు తొలగి దారి యిత్తురు. కాని రాత్రులు నిద్రపట్టక, చిన్న చప్పుడునకే ఉలికిపడుచు, కారణము లేకయే ఆలుబిడ్డలపై మండిపడు మాజీ సైనికుని గాయము ఎవరి కంటికిని కనబడదు. ఆ గాయమునకును చికిత్స కలదు. అయినను పెక్కుమంది వైద్యుని గుమ్మము త్రొక్కరు. "ఈ సంగతి ఆఫీసులో తెలిసినచో నా గతి యేమి?" అను ఒక్క ప్రశ్న వారిని వెనుకకు లాగుచుండును.

ఈ భయమును పిరికితనమని కొట్టివేయుట న్యాయము కాదు. భారత సైన్యమున ఆరోగ్యపు శ్రేణిని 'షేప్' అను అయిదు ఇంగ్లీషు అక్షరములతో నిర్ణయింతురు. అందు మొదటి అక్షరము మనఃస్థితికి సంబంధించినది. ఆ శ్రేణి తగ్గినచో దాని ప్రభావము పోస్టింగుపైనను, పదోన్నతిపైనను పడును. ఆయుధము చేపట్టు వృత్తిలో అట్టి పరీక్ష అవసరమే. కాని పదిహేను ఇరువది యేండ్లు ఆ కొలబద్ద క్రింద బ్రదికిన మనిషికి బాధను దాచుకొనుట అలవాటగును. యూనిఫారము విప్పినను ఆ అలవాటు వీడదు.

జవానులలో చాలమంది నలువది యేండ్లకు అటునిటుగా పెన్షను పుచ్చుకొందురు. అప్పటికి పిల్లల చదువులు ముగియవు, ఇంటి అప్పు తీరదు. అందుచేత రెండవ ఉద్యోగము తప్పనిసరి. కేంద్ర ప్రభుత్వపు గ్రూపు సి ప్రత్యక్ష నియామకములలో నూటికి 10 స్థానములు మాజీ సైనికులకు ప్రత్యేకింపబడియున్నవి. తరతరములుగా సైన్యమునకు బిడ్డల నిచ్చిన పశ్చిమ గోదావరి జిల్లా మాధవరము వంటి గ్రామముల నుండి వచ్చినవారికి ఇట్టి కొలువు రెండవ జీవితము వంటిది. దానిని పోగొట్టుకొందుమేమో యను భయమే వారి నోరు మూయించును.

ఈ చిక్కును అమెరికాలో కొంతవరకు విప్పిన తీరు గమనింపదగినది. వియత్నాం యుద్ధము నుండి తిరిగివచ్చిన సైనికుల కొరకు 1979లో అక్కడి శాసనసభ 'వెట్ సెంటర్లు' అను సలహా కేంద్రములను ఏర్పరచినది. వీనిని పెద్ద ఆసుపత్రుల ఆవరణలలో గాక, సాధారణపు వీథులలో నెలకొల్పిరి. సలహా చెప్పువారిలో అనేకులు తామును యుద్ధము చూచినవారే. అన్నిటికంటె ముఖ్యము కాగితముల యేర్పాటు. ఆ కేంద్రములలో వ్రాసికొన్న రికార్డు ఆసుపత్రి రికార్డులో కలియదు. వచ్చినవాడు సంతకముతో అనుమతి నిచ్చిననే తప్ప సైన్యమునకు గాని, యజమానికి గాని పోదు. ప్రాణాపాయము ఏర్పడినప్పుడు మాత్రము మినహాయింపు కలదు. మొదట వియత్నాం కాలపు వారికై పుట్టిన ఈ కేంద్రములు తరువాతి యుద్ధముల వారికిని తెరువబడినవి. నేడు వాని సంఖ్య 300 దాటినది.

అయితే కేంద్రము రహస్యము కాపాడినను, ప్రభుత్వమే మనిషి నడిగినచో ఏమి ప్రయోజనము? రహస్య పత్రములతో పనిచేయు కొలువులకై అక్కడ నింపవలసిన దరఖాస్తులో, మనోవైద్యుని సంప్రదించితిరా యని 21వ ప్రశ్న అడుగుచుండెను. ఆ ప్రశ్నను చూచి సైనికులు చికిత్సకే దూరమైరి. 2008లో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ దాని సవరణను ప్రకటించెను. యుద్ధభూమి అనుభవములవలన పొందిన సలహాను ఇక తెలుపనక్కరలేదని ఆ సవరణ సారాంశము. చికిత్స పొందుట దోషము కాదని ప్రభుత్వమే తన కాగితముపై ఒప్పుకొనిన గాని మనిషికి ధైర్యము చిక్కలేదు.

భారతదేశమునను చట్టము లేకపోలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చినది. దాని 23వ సెక్షను రోగికి గోప్యతను హక్కుగా ఇచ్చినది. ఇతరులకు హాని, ప్రాణాపాయము, న్యాయస్థానపు ఆజ్ఞ మొదలగు కొన్ని సందర్భములలో తప్ప వైద్యుడు నోరు విప్పరాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 20వ సెక్షను ప్రకారము, ఉద్యోగములో నుండగా వైకల్యము కలిగినంత మాత్రాన ప్రభుత్వ కార్యాలయము ఉద్యోగిని తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు. పోరాట దళముల వంటి శాఖలకు మినహాయింపు నిచ్చు వీలు ఆ చట్టమునందే కలదు. సివిలు కొలువులోని మాజీ సైనికునకు ఇది గట్టి అండ. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవలో 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. 2023 డిసెంబరులో సాయుధ దళముల వారికిని, వారి కుటుంబములకును పూనాలోని సైనిక వైద్య కళాశాలలో దానికి ప్రత్యేక విభాగము నేర్పరచిరి.

కాని చట్టము వైద్యుని గది దాటి ఆఫీసు బల్ల దాక వచ్చునప్పటికి బలహీనమగుచున్నది. మందుల ఖర్చు తిరిగి కోరు బిల్లుతో వైద్యుని చీటి జతచేయవలెను. ఆ చీటి డీలింగు గుమాస్తా నుండి సూపరింటెండెంటు దాక, అటనుండి అకౌంట్సు దాక నడచును. మందు పేరు చదివినవాడు రోగమును ఊహించును. టీ వేళకు అది కబురగును. కవరుపై 'కాన్ఫిడెన్షియల్' అను ముద్ర యెంత యెఱ్ఱగా నున్నను, చేతులు మారిన కొలది దాని రంగు వెలయుచుండును. వైద్యుడు కాపాడిన రహస్యము ఈ విధముగా తోటి ఉద్యోగి నోట పడి పోవుచున్నది.

ఈ సభలో అట్టి బల్లల వెనుక కూర్చుండువారు అనేకులు కలరు. చట్టము వ్రాయుట వారి చేతిలో లేదు. చీటిని మడచి కవరులో నుంచుట వారి చేతిలోనే యున్నది. అవసరమైనవానికి తప్ప ఆ కాగితము చూపకుండుట, సహోద్యోగిని అతని పనినిబట్టియే కాని అతడు మ్రింగు మాత్రనుబట్టి అంచనా కట్టకుండుట, సెలవుపై పోయి వచ్చినవానిని కారణము అడుగకుండుట, ఇవి ఏ ఉత్తరువును కోరని సేవలు. ఇంతపాటి నమ్మకము కలిగినచో, దేశమునకై నిద్ర మానిన మనిషి తనకై నిద్ర కోరుచు వైద్యుని యొద్దకు ధైర్యముగా పోగలడు.