లా పట్టా చేతికొచ్చాక



చివరి సెమిస్టరు రాసేసిన పిల్లలు ఈ మధ్య ఎక్కడ కనిపించినా ఒకటే అడుగుతున్నారు: "సార్, పారాలీగల్ ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది?" ఆ పేరుతో ఉద్యోగాలు హైదరాబాదు, బెంగళూరు కంపెనీల్లో ఉంటాయి. గుంటూరు, ఒంగోలు కోర్టు వీధుల్లో ఆ బోర్డు కనబడదు. పని మాత్రం తరతరాలుగా ఇక్కడే ఉంది. ఆ పని చేసేవాణ్ణి మనం ప్లీడరు గుమాస్తా అంటాం.

పల్లె నుంచి ఒకాయన ప్రోనోటు పట్టుకొచ్చాడనుకోండి. మీ కళ్లు అసలు మీదికీ వడ్డీ మీదికీ పోతాయి. గుమాస్తా ముందు కాగితం వెనక్కి తిప్పుతాడు. చెల్లు ఏ తేదీన పడింది? కింద సంతకం బాకీదారుదేనా? అప్పటికి నోటుకు మూడేళ్లు నిండాయా? గడువులోపు సంతకంతో పడ్డ చెల్లయితే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. లిమిటేషన్ చట్టం 19వ సెక్షను మీరు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నారు. గుమాస్తా దాని మీదే దావా నిలబెడతాడు.

మిర్చి అమ్మిన రైతుకు ఇచ్చిన చెక్కు బౌన్సయిందా? బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు వెళ్లాలి. అది అందుకున్నవాడికి 15 రోజుల గడువు. అప్పటికీ సొమ్ము కట్టకపోతే నెలలోపు కేసు వేయాలి. మెమో ఏ రోజు అందింది, పోస్టు రసీదు ఎక్కడుంది అని చూసుకునే మనిషి ఆఫీసులో లేకపోతే ఎంత పెద్ద లాయరు వాదించినా లాభం లేదు.

నాసిరకం విత్తనాల సంగతీ అంతే. మన రాష్ట్ర రైతులు వేసిన కేసుల్లో, 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వాదనను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని చెప్పింది. కొన్న గింజలన్నీ చేలో చల్లుకునే రైతు పరీక్ష కోసం నమూనా దాచి ఉంచాలనడం కుదరదంది. అయితే బిల్లు, సంచి మీది లాట్ నంబరు, వ్యవసాయాధికారి చేను చూసి రాసిచ్చిన రిపోర్టు, అడంగల్ ఒక ఫైల్లో పెట్టేది ఎవరు? మీరే.

జీతం కోసం కంపెనీకి పోయేవాళ్లు ఒక లెక్క తెలుసుకుని పోండి. బార్ కౌన్సిల్ 49వ నిబంధన ప్రకారం పూర్తికాలం జీతగాడు అడ్వొకేటుగా ప్రాక్టీసు చేయకూడదు. 2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలంది. న్యాయమూర్తి దగ్గర లా క్లర్కుగా చేస్తే ఆ కాలం లెక్కలోకొస్తుంది. కంపెనీలో పారాలీగల్‌గా చేస్తే రాదు. జడ్జి కావాలన్న కోరిక లేకపోతే నిశ్చింతగా వెళ్లండి.

ఎన్‌రోల్‌మెంటు ఖర్చుకు భయపడి ఆగనక్కర్లేదు. 2024 జులై 30 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో ఆ ఫీజు జనరల్ వారికి 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదు. ఎన్‌రోల్ అయ్యేలోపు ఖాళీగా ఉండకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీరుగా దరఖాస్తు పెట్టుకోండి. జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) 2009లో తెచ్చిన ఆ పథకంలో లా విద్యార్థులకు చోటుంది. పనిచేసిన రోజుకు గౌరవ వేతనమే ఇస్తారు, అది ఉద్యోగం కాదు. అయినా కౌలు రైతు గోడు అతని మాటల్లోనే విని అర్జీగా రాయడం అక్కడ అలవడుతుంది.

ఈ ప్రాంతం నుంచే వెళ్లిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు మొదట రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు. బారిస్టరయింది ఆ తర్వాతే. కింది మెట్టు మీద మొదలుపెట్టడం చిన్నతనమేమీ కాదు.

చివరగా ముందు వరుసలో ఉన్న సీనియర్లకు ఒక మాట. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిఫార్సు చేసింది. సిఫార్సే, శాసనం కాదు. కానీ "పని నేర్పుతున్నాం కదా, డబ్బులెందుకు" అంటే కూలి బిడ్డ, కౌలు రైతు బిడ్డ నల్లకోటు వేసుకోలేరు. పని నేర్పండి, చేసిన పనికి డబ్బూ ఇవ్వండి.